గిన్నె నిండుగానే ఉంది

కాదు తల్లీ, కోపం వచ్చిందని రాయకు. కోపం కూడా రాలేదు నాకు. ఉన్నదున్నట్టు రాయి.

మీ నానమ్మని ఆపరేషన్‌కి ఊరవతల పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే రోజు పొద్దున, పంజరంలో పిట్టలు రెండూ మామూలుగానే అరుస్తున్నాయి. పచ్చది, నీలంది. సంచీ సర్దుకుని కూర్చున్నాక కూడా మీ నానమ్మ ధ్యాసంతా వాటి మీదే. వారం రోజులు ఎవరు చూస్తారని. డ్యూటీకి పోతూ రోజూ నేను చూసిపోతానన్నాడు మీ నాన్న. బస్సు నడిపేవాడు కదా, టైము తప్పడు. నేను చెబుతుంటే కాగితం మీద రాసుకున్నాడు. నీళ్ళు రోజూ మార్చాలి. పిల్లి వస్తుంది, కిటికీ వేయాలి. గిన్నె నిండుగా ఉంటే మళ్ళీ గింజలు పోయొద్దు, కొవ్వెక్కుతాయి.

మీ నాన్న సంగతి నీకు తెలుసుగా. చిన్నప్పుడు ఓ షాపు ముందు నిలబెట్టి, ఇక్కడే ఉండు, కదలకు అన్నాను. వాన వచ్చింది. రెండడుగుల అవతల చూరు ఉన్నా తడుస్తూ అక్కడే నిలబడ్డాడు. అది చెప్పుకుని మీ నానమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

ఎనిమిదో రోజు ఇంటికొచ్చాం. నీలంది పంజరం అడుగున పడి ఉంది. పచ్చది ఓ మూల ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది. మీ నానమ్మ చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. వెనకాలే మందుల సంచీతో మీ నాన్న.

"గిన్నె చూడు నాన్నా, నిండుగానే ఉంది" అన్నాడు.

నేను అరవలేదు. మెల్లగానే అన్నాను.

"పిట్టల్నే చూడలేనివాడివి, రేపు మమ్మల్నేం చూస్తావురా."

సంచీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. పన్నెండు రోజులైంది. మందులు నీ చేత పంపుతున్నాడు గానీ గడప తొక్కడం లేదు.

ఆ రోజే నీలందాన్ని పెరట్లో పాతిపెట్టాను. చేతులు కడుక్కుని టీ తాగాను. ఏడుపు రాలేదు. పచ్చదానికి గింజలు వేద్దామని గిన్నె తీసి, అలవాటు కొద్దీ ఊదాను. పొట్టు అంతా లేచి చొక్కా మీద పడింది. గిన్నె అడుగు కనబడింది. ఒక్క గింజ లేదు.

అవి గింజ ఒలుచుకు తిని పొట్టు అందులోనే వదిలేస్తాయి. పైకి నిండుగానే ఉంటుంది. రోజూ ఊదేది నేనే. ముప్పై ఏళ్ళు ధాన్యం మిల్లులో పొట్టు మధ్యే బతికినవాణ్ణి, ఆ ఒక్క మాట వాడికి చెప్పలేదు.

ఆ రోజు నుంచీ తెలుసు నాకు. ఎవరికీ చెప్పలేదు. మీ నాన్న గోడకి అంటించిన ఆ కాగితం నిన్న నువ్వు నాకు చదివి వినిపించావు చూడు, నేను చెప్పినవాటి కింద ఏడు రోజులకీ ఏడుసార్లు రాసుకున్నాడు. 'నీళ్ళు మార్చాను. గిన్నె నిండుగానే ఉంది.' అది విన్నాక మీ నానమ్మతో జరిగింది చెప్పాను.

"నాకు కాదు, వాడికి చెప్పండి" అంది.

ఫోను పట్టుకుంటే నాకు మాట రాదు. అందుకే నీ చేత రాయిస్తున్నాను.

బుధవారం మీ నానమ్మని మళ్ళీ చూపించాలి. రెండు రోజులు పడుతుంది. పచ్చదాన్ని మీ నాన్నే చూడాలి, ఇంకెవరికీ ఇవ్వను. ఆ పాత కాగితం కిందే రాయి. రోజూ పొద్దున గిన్నె ఊదాలి. ఈ మాట చెప్పనిది నేను. తప్పు నాది.

సాయంత్రం డ్యూటీ దిగి రానీ. ముందు అన్నం తిననీ. తర్వాత పక్కన కూర్చుని ఇది మీ నాన్నకి చదివి వినిపించు తల్లీ. మెల్లగా చదువు.