హిమజ క్లోజప్, గీతిక పూతలు

"కదలకు హిమా! కదిలితే మెరుపు రాదు."

గీతిక అరచేతుల్లో చల్లటి నీళ్లలాంటిదేదో పోసుకుని హిమజ చెంపల మీద టపటపా తట్టింది. మంచం మీద దిండుకు ఆనించిన ఫోన్లో ఒక కొరియా అమ్మాయి అచ్చం అలాగే తన చెంపలు తట్టుకుంటోంది. ఆ అమ్మాయి ముఖం అద్దంలా తళతళలాడుతోంది.

బయట జూబ్లీహిల్స్ అంతా పొద్దుటి నుంచీ ముసురు. గీతిక గదిలో ఏసీ హాయిగా నడుస్తోంది. గీతికకు మాత్రం నేల మీద కాలు నిలవడం లేదు.

ఎలా నిలుస్తుంది? సాయంత్రం హిమజకు సినిమాలో క్లోజప్ ఉంది!

ఆరో తరగతిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. హిమజ వాళ్లు కృష్ణానగర్‌లో ఉంటారు. వాళ్లమ్మ మంజులత సినిమా షూటింగుల్లో నటులకు బట్టలు సిద్ధం చేస్తుంది. గీతిక వాళ్లమ్మ అరుణజ్యోతి మేకప్ చేస్తుంది. ఇప్పుడు ఇద్దరమ్మలూ ఒకే సినిమాకు పనిచేస్తున్నారు.

హిమజ ఇదివరకు కూడా సినిమాల్లో కనిపించింది. అయితే, ఎక్కడుందో హిమజ వేలు పెట్టి చూపిస్తే తప్ప ఎవరికీ తెలియదు. పెళ్లి సీన్లో వెనక వరసలో నిలబడింది. బడి సీన్లో పిల్లల గుంపుతో పరిగెత్తింది. అందులో పాపం మోచెయ్యి ఒక్కటే పడింది. ఈసారి అలా కాదు. కెమెరా ముఖం దగ్గరికే వస్తుంది. పైగా డైలాగ్ కూడా ఉంది.

ఆ సీన్లో, వాన మొదలవబోతుంటే హీరోయిన్ వీధిలో నిలబడి ఉంటుంది. హిమజ పరిగెత్తుకెళ్లి, "అక్కా, గొడుగు నువ్వే ఉంచుకో. మా ఇల్లు ఇక్కడే!" అనాలి. ఆ మాట హిమజ అప్పజెప్పీ అప్పజెప్పీ క్లాసులో అందరికీ నోటికొచ్చేసింది.

"టోనర్ అయింది. ఇప్పుడు సీరం," అంది గీతిక, ఇంకో సీసా మూత తిప్పుతూ.

ఆ సీసాలన్నీ అమ్మవి. చలికాలమంతా అమ్మ వాటిని వరసగా, ఒకదాని మీద ఒకటి రాసుకునేది. వానలు పడగానే వాటిలో చిక్కటివన్నీ ఒక డబ్బాలో సర్ది పై అరలో పెట్టేసింది. "వీటిని ముట్టుకోకు," అని గట్టిగానే చెప్పింది. ఎందుకని గీతిక అడగలేదు. ఖరీదైనవి కదా, అమ్మ పొదుపు చేస్తోంది అనుకుంది. నేస్తం క్లోజప్ కన్నా ఖరీదైనది ఇంకేముంటుందని కుర్చీ వేసుకుని డబ్బా దించేసింది.

"జిడ్డు జిడ్డుగ అయితుందే గీతీ," అంది హిమజ.

"జిడ్డు కాదు, మెరుపు."

"ఇగ చాలే. మొకం బరువైతుంది."

"ఇంకా క్రీమ్ ఉంది. దాని మీద ఇంకో క్రీమ్ ఉంది. వీడియోలో ఆ అమ్మాయి ఏమైనా గొణుగుతోందా? బుద్ధిగా కూర్చుంది చూడు!"

హిమజ కళ్లు మూసుకుని కదలకుండా కూర్చుంది. నిజం చెప్పాలంటే, ఆ చల్లటి గదిలో ఆమె ముఖం గాజు బొమ్మలా మెరిసింది. గీతిక చప్పట్లు కొట్టి, మిగిలిన సీసా ఒకటి సంచిలో వేసుకుని, హిమజను చెయ్యి పట్టి లాక్కుంటూ కిందికి పరిగెత్తింది. హాల్లో టీవీ చూస్తున్న నానమ్మ "జాగ్రత్తర్రా!" అనే లోపే ఇద్దరూ షూటింగ్ వాళ్లు పంపిన కారెక్కేశారు.

ఆ కారులో ఏసీ పనిచేయడం లేదు. అద్దాలు దించితే వాన జల్లు, ఎక్కిస్తే ఉక్క. ఫిల్మ్‌నగర్ మలుపులో ట్రాఫిక్ అడుగు కదల్లేదు. గీతికకే మెడ వెనక చెమట కారుతోంది. హిమజ నుదుటి మీద తెల్లటి చుక్కలు తేలి, కనుబొమల మీదుగా మెల్లగా కిందికి జారాయి.

"కండ్లు మండుతున్నయ్ గీతీ."

"తుడవకు! తుడిస్తే అంతా పోతుంది. ఇంకాసేపట్లో అదే సర్దుకుంటుందిలే," అంది గీతిక. ఆ సంగతి ఆమెకెవరు చెప్పారో మాత్రం అడగొద్దు.

షూటింగ్ ఒక పాత మేడ ముందున్న వీధిలో జరుగుతోంది. వాన అప్పుడే ఆగింది. లైట్లు, తాళ్లు, గొడుగులు, అరుపులు! డేరా కింద అమ్మ హిమజను కుర్చీలో కూర్చోబెట్టి, స్పాంజితో చెంప మీద మేకప్ అద్దింది.

అద్దిన మేకప్ చెంపకు అంటలేదు. రబ్బరుతో పెన్సిల్ గీత చెరిపితే పొట్టు వస్తుందే, అలా ఉండలు ఉండలుగా ఊడి వచ్చింది. అమ్మ తుడిచి మళ్లీ అద్దింది. ఈసారి తెల్లటి చారలు పడ్డాయి.

"ముఖానికి ఏం రాసుకున్నావమ్మా?" అని అడిగింది అమ్మ.

హిమజ తల దించుకుంది.

పక్కనే గౌను ఇస్త్రీ చేస్తున్న మంజులత గబగబా వచ్చింది. కూతురి ముఖం చూడగానే ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. "ఏం పూసుకున్నవే? షూటింగ్ దినం మొకానికి ఏం పెట్టద్దని చెప్పిన్నా లేదా? గింత మంచి చాన్స్ వస్తే గిట్ల చేస్తరా ఎవరన్న?"

హిమజ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా గీతిక వైపు చూడను కూడా చూడలేదు.

అంతలో అసిస్టెంట్ డైరెక్టర్ జగదీశ్ పరిగెత్తుకొచ్చాడు. "మేడం, మబ్బు మళ్లీ దిగుతోంది. వాన మొదలయ్యేలోపే షాట్ తీసేయాలి. పాప రెడీ కాకపోతే ఆ డైలాగ్ రిత్విక్‌కు ఇచ్చేయమంటున్నారు డైరెక్టర్ గారు."

గీతిక తల తిప్పి చూసింది. అవతల గోడ పక్కన రిత్విక్ అనే పిల్లవాడు గొడుగు పట్టుకుని, "అక్కా, గొడుగు నువ్వే ఉంచుకో..." అని అప్పుడే అప్పజెప్పడం మొదలుపెట్టేశాడు.

డైలాగ్ పోతే హిమజ మళ్లీ గుంపులోకే! అదీ తన వల్లే. చెబితే అమ్మ ఏమంటుందో? చెప్పకపోతే? మంజులత ఆంటీ ఇంకా హిమజనే కోప్పడుతోంది. హిమజ ఇంకా నోరు విప్పడం లేదు.

"హిమ కాదు ఆంటీ. నేను!" అంది గీతిక. "అమ్మా, పై అరలో డబ్బా నేనే దించాను. అన్నీ నేనే రాశాను. చాలని హిమ చెబుతూనే ఉంది. నేనే వినలేదు."

అమ్మ గీతిక వైపు సూటిగా చూసింది. గీతికకు తల కొట్టేసినట్టయింది.

"అన్నీనా?"

"అన్నీ."

"సరే. బకెట్‌తో నీళ్లు పట్టుకురా. పరిగెత్తు!"

గీతిక పరుగో పరుగు. అమ్మ హిమజ ముఖాన్ని నురగతో మెల్లగా కడిగింది. మంజులత తువ్వాలు పట్టుకుని నిలబడింది. ఒక పూత పోతే కింద ఇంకో పూత. నీళ్లు తెల్లగా మారిపోయాయి.

"అమ్మా, నువ్వూ రాసుకుంటావుగా, ఇలా ఒకదాని మీద ఒకటి?" అని గీతిక చిన్నగా అడిగింది.

"చలికాలంలో రాసుకుంటాను. అప్పుడు నా చర్మం పొడిబారి చిటపటలాడుతుంది. ఇప్పుడు గాలి నిండా తేమే కదా. ఈ ముసురులో నేనే ముఖం కడుక్కుని, పల్చటిది ఒక్కటి రాసి ఊరుకుంటున్నాను. మీ వయసుకు ఇవేవీ అక్కర్లేదు. ఆ డబ్బా పైన ఎందుకు పెట్టానో ఒక్క మాట అడిగి ఉండాల్సింది నువ్వు."

గీతిక తెల్లబడిన నీళ్లు పారబోసి, బకెట్ మళ్లీ నింపుకొచ్చింది.

ముఖం శుభ్రమైంది. కానీ కడిగీ కడిగీ ఎర్రగా కందిపోయింది. తుడిచిన చోటల్లా మళ్లీ చెమట పుట్టుకొస్తోంది. "ఇది కాస్త చల్లారి ఆరితేనే పౌడర్ నిలుస్తుంది. నేను హీరోయిన్‌కు టచప్ చేసి వస్తాను," అని అమ్మ పెట్టె అందుకుని వెళ్లింది. మంజులత గౌను తేవడానికి పరిగెత్తింది.

డేరా కింద ఇద్దరే మిగిలారు.

గీతిక చెయ్యి తటాలున సంచిలోకి వెళ్లింది. అందులో ఆకుపచ్చ జెల్ సీసా ఉంది. రాస్తే చల్లగా ఉంటుందని వీడియోలో ఆ అమ్మాయి పదే పదే చెప్పింది. కొంచెం రాస్తే చాలు, హిమ ముఖం చల్లబడుతుంది, అంతా సర్దుకుంటుంది! ఉత్సాహంతో మూత సగం తిప్పేసింది.

అప్పుడు హిమజ ముఖం చూసింది. పొద్దుటి నుంచీ ఆ ముఖాన్ని తట్టింది, రుద్దింది, పూసింది కానీ, సరిగ్గా చూసింది ఇప్పుడే. హిమజ ఊపిరి బిగబట్టుకుని ఉంది. సీసా వంక భయంగా చూస్తోంది.

గీతికకు చాలా బాధేసింది. మూత గట్టిగా బిగించి సీసా సంచిలో పడేసింది.

"హిమా, నీకిప్పుడు ఏం కావాలి?"

హిమజ బిగబట్టిన ఊపిరి వదిలింది. "ఏం పుయ్యకే. జర గాలి కావాలె. గంతే."

గాలి! గీతిక చుట్టూ వెతికింది. లైట్ల వెలుగు తిప్పడానికి వాడే తెల్లటి థర్మకోల్ అట్ట ఒకటి విరిగి మూలన పడి ఉంది. ఆ ముక్క అందుకుని రెండు చేతులతో విసరడం మొదలుపెట్టింది.

"ఇటువైపా?"

"కొంచెం కిందికి. ఆఁ, గట్ల. మెల్లగ."

గీతిక మెల్లగా విసిరింది. చేతులు నొప్పెట్టాయి. అయినా ఆపలేదు. రిత్విక్ గొడుగుతో సహా డేరా దగ్గరికొచ్చి తొంగి చూశాడు. జగదీశ్ వచ్చి చూసి వెళ్లాడు. దూరంగా ఎక్కడో ఉరిమింది. హిమజ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. డైలాగ్ అనుకుంటోందన్నమాట! నుదుటి మీద చెమట తగ్గింది. చెంపల ఎరుపు మెల్లమెల్లగా దిగింది.

అమ్మ వచ్చి వేలితో చెంప తాకి చూసింది. ఏమీ అనకుండా పల్చగా పౌడర్ అద్దింది. ఈసారి అది నిలిచింది.

"షాట్ రెడీ!" అని జగదీశ్ గొంతు చించుకున్నాడు.

హిమజ గొడుగు పట్టుకుని పరిగెత్తింది. కెమెరా ముందు ఆగింది. క్లాప్ కొట్టారు. "అక్కా, గొడుగు నువ్వే... నువ్వే..." అని ఆగిపోయింది.

"వన్‌మోర్!"

హిమజ పై పెదవి మీద చెమట మెరుస్తోంది. గీతిక జేబురుమాలు తీసుకుని ఒక్క ఉదుటున దగ్గరికి వెళ్లింది. చెయ్యి ఎత్తి, మధ్యలోనే ఆపేసింది.

"అద్దనా?"

హిమజ తలూపింది. గీతిక రుద్దలేదు. రుమాలు అలా ఆనించి తీసేసి వెనక్కి పరిగెత్తింది.

"యాక్షన్!"

హిమజ పరిగెత్తుకొచ్చింది. రొప్పుతూ తలెత్తి హీరోయిన్ కళ్లలోకి చూసింది. ముఖంలో గాజు మెరుపేమీ లేదు. బడి గేటు దగ్గర రోజూ కనిపించే హిమజే.

"అక్కా, గొడుగు నువ్వే ఉంచుకో. మా ఇల్లు ఇక్కడే!"

"ఓకే!" అన్నారు డైరెక్టర్ గారు.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు వాన దబదబా కురిసింది. అందరూ కెమెరా మీద పట్టాలు కప్పడానికి పరుగులు తీశారు. మంజులత గౌను తడుస్తోందని కేకలు పెట్టింది. హిమజ ఎవరి మాటా వినకుండా నీళ్లు చిందించుకుంటూ వచ్చి గీతికను గట్టిగా పట్టేసుకుంది.

"అయిపోయిందే! నా క్లోజప్ అయిపోయింది!"

ఇద్దరూ వానలో గిరగిరా తిరిగారు. పౌడరంతా హిమజ గడ్డం మీదుగా కారిపోయింది.

"ఎట్లున్న నేను? మస్తుగున్ననా?" అని అరిచింది హిమజ.

బ్రహ్మాండంగా ఉన్నావని గీతిక నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట మింగేసి, కళ్ల మీద పడుతున్న నీళ్లు తుడుచుకుని నవ్వింది.

"నీకెలా అనిపించిందో నువ్వే చెప్పు. నేను వింటాను."

హిమజ ముఖం ఆకాశం వైపు ఎత్తి చెప్పడం మొదలుపెట్టింది.