ఈశ్వరమ్మ కాళ్ల మందు

మంగళవారం ఉదయం 9.10. కొర్రగొంది ఆరోగ్య కేంద్రంలో మందుల బీరువా తెరిచి ఉంది. సోరియాసిస్‌కు పూసే డి విటమిన్ ఆయింట్‌మెంట్ ట్యూబులు పన్నెండూ మాయం.

10.30కి వాటిలో ఆరు ఖాళీవి దొరికాయి. ఈశ్వరమ్మ ఇంటి వెనక, కాఫీ మొక్కల మొదట్లో. అక్కడ వెతకమన్నది ఫార్మసిస్ట్ తాతారావే.

ఎస్సై కృపావతి ఈశ్వరమ్మను పిలిపించింది. కాఫీ పళ్లు కోసే మనిషి. మోకాళ్ల కింద ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొట్టు. అంటుకుంటుందేమోనని ఊరివాళ్లు దూరం జరిగారు. ఆమె మాత్రం చీర కిందికి లాక్కోలేదు. కృపావతికి ఆ తెగువ నచ్చింది.

ఊళ్లో ఆ జబ్బు ఆమెకొక్కతికే ఉందని, నెల తిరగకముందే మరో ట్యూబు అడిగి నిన్న గొడవపడిందని తాతారావు చెప్పాడు.

"తీశావా?" కృపావతి ఈశ్వరమ్మను అడిగింది.

"నేదు."

"ఇంట్లో మందుందా?"

"అయిపోయిన పాత ట్యూబొకటుంది. తెత్తానుండండి."

కృపావతి పాత ట్యూబును ఖాళీవాటి పక్కన పెట్టి మూతలన్నీ విప్పింది. చాలాసేపు చూసింది. తర్వాత తాతారావు స్కూటర్ డిక్కీ తెరిపించింది.

12.15కి అందర్నీ వరండాలో కూర్చోబెట్టింది.

"కొత్త ట్యూబు మూతికి రేకు పొర ఉంటుంది. మూత తిరగేసి, దాని ముల్లుతో పొడిస్తేనే మందు వస్తుంది. ఈశ్వరమ్మ ట్యూబుకు చిల్లుంది. ఈ ఆరింటికీ పొర చెక్కుచెదరలేదు."

"మరి మందెలా పోయింది మేడమ్?" తాతారావు అడిగాడు.

"అడుగు మడత విప్పి, ఒక్కసారే తోడేశారు. కాళ్లకు పూసుకునేవాళ్లకు ఆ అవసరం లేదు. డబ్బాల్లో నింపేవాళ్లకే ఉంటుంది."

డిక్కీలో దొరికినవన్నీ బల్ల మీద పెట్టింది. మిగతా ఆరు ట్యూబులు. 'కొండ మూలికల లేపనం' అని లేబుల్ అంటించిన డబ్బాలు. అరకు టూరిస్టులకు అమ్మే సరుకు.

తాతారావు తల దించుకున్నాడు.

పట్టుబడ్డ ట్యూబులు కేసులో సాక్ష్యమని, కొత్త స్టాక్‌కి నెల పడుతుందని డాక్టర్ వెన్నెల చెప్పింది. ఈశ్వరమ్మ వెళ్లి మెట్ల మీద కూర్చుంది.

"నన్ను దొంగన్నారు. దొంగ దొరికాడు. మరి నా మందేది? అది వచ్చేదాకా లెగను."

కృపావతి ఆమెను లేపలేదు. పాడేరు పెద్దాసుపత్రికి ఫోన్ చేసింది. సాయంత్రం 4.40 బస్సులో ట్యూబు వచ్చింది.

లోపలికొచ్చి పూసుకోమంది డాక్టర్.

"లోపలికెందుకు? సూసేవోల్ని సూడనీ."

ఈశ్వరమ్మ చీర మోకాళ్ల దాకా మడిచింది. ఊరంతా చూస్తుండగా రెండు కాళ్లకూ తీరిగ్గా పూసుకుంది.