బొగ్గు యార్డులో తేటనీళ్లు

"ఈ నీళ్లు చూడండి, ఎంత తేటగా ఉన్నాయో! అదేనండీ నా భయం," అంది వచ్చినమ్మాయి, తడిసిన సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెడుతూ.

డిటెక్టివ్ ఆ సీసాని కిటికీ వెలుగులో తిప్పి చూసింది. పక్కనే కూర్చున్న మరదలు అప్పటికే పెన్ను మూత తీసింది. డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగాల వేట మానేసి వదినకి అసిస్టెంటుగా కుదిరిపోయిన పిల్ల అది. వదిన బుర్ర మీద అంత గురి.

"నీళ్లు తేటగా ఉంటే భయమెందుకమ్మా? మొదట్నుంచీ నిదానంగా చెప్పు."

ఆ అమ్మాయి ఊరి చివరి విద్యుత్ కేంద్రంలో కెమిస్టు. అక్కడ బొగ్గు గుట్టల మీద పడ్డ వాన నల్లగా పారి ఒక పెద్ద గుంటలోకి చేరుతుంది. మడ్డి అడుక్కి దిగాక, పైనీళ్లు కాలవలో పడి ప్రహరీ బయటికి పోతాయి. గుంట దాటిన చోట ఒక పెట్టె ఉంది. వాన నీళ్లు రాగానే అందులోని యంత్రం దానంతటదే సీసాలు నింపుతుంది. వాటిని పరీక్షించడం ఈమె పని.

"ఈ వానాకాలమంతా ప్రతి సీసా ఇలాగే ఉందండీ. కానీ కాలవ దిగువన లాండ్రీ ఆయన, తను ఉతికిన ఆస్పత్రి దుప్పట్లు తెచ్చి మేనేజరు గారి బల్ల మీద పరిచాడు. అన్నీ బూడిద రంగు! నేను దొంగ ఫలితాలు రాస్తున్నానంటున్నారు. రేపటిలోగా సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం పోతుంది."

"కాలవలోకి నువ్వెప్పుడూ తొంగి చూడలేదా?"

"గోడ దాకా దాని మీద పలకలున్నాయండీ. యంత్రం ఉంది కదా అని ఎత్తి చూడలేదు." కెమిస్టు తల దించుకుంది.

"ఈ నీళ్లలో పాతవాటికి లేని తేడా ఏదైనా ఉందా?"

"బొగ్గు నుసి లేదు, ఆమ్లం లేదు. జింకు మాత్రం పోయినేటికంటే కాస్త ఎక్కువ. పరిమితి దాటలేదని వదిలేశాను."

డిటెక్టివ్ లేచి చెప్పులు వేసుకుంది. "పదవే మరదలా. వాన ఆగేలోపు వెళ్లాలి."

గేటు గదిలో వాచ్‌మన్ స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. పెట్టె తాళంచెవి గోడ మేకుకి వేలాడుతోంది.

"ఇది ఎవరు తీసుకుంటారు?"

"ఎవరు తీసుకోరండీ! కెమిస్టమ్మ, యార్డు ఆఫీసరు గారు, రిపేరు వాళ్లు... చేతికందినోళ్లదే చెవి."

"అయితే లాభం లేదు," అని మరదలు గొణిగింది. డిటెక్టివ్ మాత్రం వాచ్‌మన్ గొడుగు అడిగి తీసుకుని బయటికి నడిచింది.

ఆఫీసుది సిమెంటు కప్పు. ల్యాబుదీ అదే. యార్డు ఆఫీసరు గది ఒక్కదానికే మిలమిల మెరిసే కొత్త రేకులు. చూరు కింద నిండుగా ఒక డ్రమ్ము, గుమ్మం పక్కన వరసగా గులాబీ కుండీలు. ఆఫీసరు మేనేజరుగారి బావమరిది; మంచి మాటకారి.

"డ్రమ్ములో నీళ్లు దేనికండీ?" అడిగింది డిటెక్టివ్.

"మొక్కలకి మేడమ్! వాన నీళ్లంటే వాటికి ప్రాణం."

"ఎంత నిగనిగలాడుతున్నాయో, ఒక్క ఆకు కూడా రాల్లేదు," అని మరదలు ముచ్చటపడింది. డిటెక్టివ్ ఒక ఆకు మీది దుమ్ము వేలితో తుడిచింది.

"గుంటలో మడ్డి ఎప్పుడు తీయించారు?"

"ఎండాకాలంలోనే! ఇప్పుడు నిలువెత్తు మనిషి మునిగిపోతాడు."

గుంట దగ్గర డిటెక్టివ్ గొడుగు మూసి నీళ్లలోకి దించింది. మొన జానెడు దిగి మెత్తగా ఆగిపోయింది. లాగితే నల్లటి బురదతో పైకొచ్చింది. "అయ్యో, కొత్త గొడుగండీ!" అని వెనకే వచ్చిన వాచ్‌మన్ లబోదిబోమన్నాడు. ఆమె అతనికి సారీ చెప్పి, కెమిస్టు చెవిలో ఏదో చెప్పి ల్యాబుకి పంపింది.

సాయంత్రం అందరూ మేనేజరు గదిలో చేరారు. లాండ్రీ ఆయన దుప్పటి చంకన పెట్టుకునే వచ్చాడు. బల్ల మీద రెండు గాజు గ్లాసులు ఉన్నాయి: ఒకదాంట్లో తేటనీళ్లు, రెండోదాంట్లో సిరా లాంటివి.

"నల్లవి ఇవాళ పలక ఎత్తి కాలవలోంచి తీసినవి," అని మొదలుపెట్టింది డిటెక్టివ్. "కాబట్టి లాండ్రీ ఆయన చెప్పింది నిజం. కెమిస్టు రాసిందీ నిజమే. ఆమెకి అందిన సీసాల్లో ఉన్నవి కాలవ నీళ్లు కావు, అంతే. ఎవరో ఆమెకంటే ముందే పెట్టె తెరిచి, సీసాలు ఒంపేసి వేరే నీళ్లు నింపారు."

"ఎక్కడి నీళ్లు?" మేనేజరు ముందుకు వంగాడు.

"జింకే దారి చూపించింది. కొత్త రేకులకి జింకు పూత ఉంటుంది. వాన పడితే కాస్త కాస్త కరుగుతుంది. ఇక్కడ కొత్త రేకులున్న గది ఒక్కటే. ఆ చూరు కింద డ్రమ్ములో నీళ్లే ఈ తేట గ్లాసులో ఉన్నాయి. వీటిలో జింకు, సీసాల్లో జింకు సరిగ్గా సరిపోయాయి."

"అవి మొక్కలకండీ!" యార్డు ఆఫీసరు లేచి నిలబడ్డాడు.

"మీవి ప్లాస్టిక్ గులాబీలు బాబూ. వాటికి దాహం వేయదు."

మరదలు నోరు తెరిచింది. లాండ్రీ ఆయన పకపకా నవ్వాడు.

"గుంట నిండా మడ్డే ఉంది. అది తీయించాల్సింది మీరు. తీయించలేదని బయటపడకూడదనే ఇదంతా చేశారు."

ఆఫీసరు కుర్చీలో కూలబడ్డాడు. "తవ్వే మిషన్ పాడైంది బావా. అదే రోజు భోజనాల దగ్గర, 'మా తమ్ముడు అనుకున్నది చేసి తీరతాడు' అని అక్క నీతో గొప్పగా చెప్తోంది. అప్పుడు మడ్డి తీయడం అయిపోయిందనేశాను. తర్వాత కాలేదని చెప్పడానికి నోరు రాలేదు. కెమిస్టు ఉద్యోగం మీదికి వస్తుందనుకోలేదు."

మేనేజరు ముఖం ఎర్రబడింది. కెమిస్టు వైపు తిరిగి, "క్షమించమ్మా. ఇప్పుడేం చేయమంటావో నువ్వే చెప్పు," అన్నాడు.

"ముందు కాలవ మూయించండి. రేపటినుంచే మడ్డి తీయాలి. నా పాత ఫలితాలు తప్పని కాలుష్య నియంత్రణ మండలి వాళ్లకి నేనే రాస్తాను."

"పై వాళ్లకా!" ఆయన కాసేపు గ్లాసులోని నల్లనీళ్లకేసి చూశాడు. "రాయి. కింద నేనూ సంతకం పెడతాను."

"మరి నా దుప్పట్లు?" అన్నాడు లాండ్రీ ఆయన.

"మా బావమరిది వచ్చి ఉతుకుతాడు. అన్నీ తెల్లబడేదాకా."

వదినా మరదళ్లు గేటు దాటుతుండగా మేనేజరు వానలోనే పరిగెత్తుకొచ్చాడు. "మేడమ్, ఒక్క సాయం! తమ్ముడి నిర్వాకం మా ఆవిడకి మీరే చెప్పాలి. ఫీజు ఎంతైనా సరే."

డిటెక్టివ్ ఆయన్ని జాలిగా చూసింది.

"నేను కేసులే తీసుకుంటానండీ. ఇలాంటి సాహసాలు చేయను."