రెండు పంటల మధ్య మైదానం

బిందు గోలు ముందర మోకాళ్ళ మీద కూర్చుని కొయ్యకాళ్ళు కోస్తోంది. పంట ఇంటికి చేరాక కూడా మడిలో వరి మొదళ్ళు ఊరుకోవు, పచ్చగా చిగురు వేస్తాయి. రోజూ పొద్దున్నే కొడవలితో వాటిని నేల మట్టానికి తెగ్గోసి గంపకెత్తాలి. ఒక్కటి మిగిలినా సాయంత్రం ఎవరిదో ఒకరి అరికాలు చీరుకుంటుంది.

గట్టు మీద మోటార్ సైకిల్ ఆగింది. దిగిన యువకుడు ఫోన్‌లో మ్యాప్ చూశాడు, మడి చూశాడు, మళ్ళీ మ్యాప్ చూశాడు.

“కానుగమిట్ట ఫుట్‌బాల్ గ్రౌండు ఎక్కడండీ?”

“మీరు నిలబడిన చోట కార్నర్ జెండా పెడతాం,” అంది బిందు తలెత్తకుండా.

అతను ఒక అడుగు పక్కకి జరిగాడు. పక్క మడి గట్టున కట్టేసిన గేదెల వైపు చూసి, ఇవి కూడా టీమేనా అని అడిగాడు.

“ఆడవు. చూస్తాయి. పోయినేడు మా ఆట చూసింది అవే.”

అప్పుడు తలెత్తింది. అతను నవ్వుతున్నాడు, కానీ వెక్కిరింపుగా కాదు. పేరు సుకుమార్ అని, ట్రంకు రోడ్డు స్పోర్టింగ్ కెప్టెన్‌ని అని చెప్పాడు. ఆ సంగతి చెప్పకపోయినా బిందుకు తెలుసు. ఆ ఏడాది జిల్లాలో ఫుట్‌బాల్ తెలిసిన ప్రతివాడికీ తెలుసు.

జిల్లా లీగ్‌లో రెండు డివిజన్లు. ఏ డివిజన్ నెల్లూరులో, గడ్డి ఉన్న గ్రౌండులో, లైట్ల కింద జరుగుతుంది. బి డివిజన్ పల్లెల్లో, రెండు పంటల మధ్య ఖాళీలో జరుగుతుంది. మొదటి పంట కోసినాక రెండో పంటకు, అంటే ఎడగారుకు, కాలవ నీళ్ళు వదిలేదాకా మడి ఎండి ఉంటుంది కదా, అదే సీజన్. కానుగమిట్టలో అందరికంటే పెద్ద మడి బిందు నాన్న ఓబులేసుది. అందుకని ఏటా ఆ రెండు నెలలు అదే మైదానం. తల్లి కామాక్షమ్మ దాన్ని ‘మీ అయ్య మూడో పంట’ అనేది, పైసా రాని పంట అని దాని అర్థం.

పోయిన సీజన్లో ఎవరూ అనుకోనిది జరిగింది. నెల్లూరులో పేరున్న రెండు క్లబ్బులూ, స్పోర్టింగ్, పెన్నా రోవర్స్, ఏ డివిజన్ అడుగున తేలి ఒకేసారి కిందికి జారాయి. దాంతో ఈ ఏడు జనం కూడా వాటి వెంట కిందికి దిగారు. గేదెలు తప్ప చూసేవాళ్ళు లేని ఆటకు ఇందుకూరుపేట నుంచి ఆటోలు వచ్చాయి. ట్రాక్టర్ ట్రక్కుల మీద నిలబడి చూసేవాళ్ళు, చెరుకు రసం బండి, ఐస్ బండి. పేపర్లో జిల్లా పేజీ బి డివిజన్ పట్టిక వేయడం మొదలుపెట్టింది. ఏ డివిజన్లో మాత్రం లైట్లు ఖాళీ మెట్ల మీద వెలుగుతున్నాయని అందరూ చెప్పుకున్నారు.

ఆ పొద్దున సుకుమార్ మడి నాలుగు పక్కలా నడిచి వచ్చి, ఈశాన్యం మూల పల్లంగా ఉందన్నాడు. అందుకే తమవాళ్ళు సెకండాఫ్‌లో అటు కొడతారని బిందు చెప్పింది. చెప్పాక నాలుక కరుచుకుంది. ప్రత్యర్థికి చెప్పాల్సిన మాట కాదది.

“చెప్పేశారుగా,” అన్నాడతను బండి ఎక్కుతూ.

“చెప్పినా ఆపలేరులే,” అంది.

ఆ తర్వాత అతను తరచూ వచ్చాడు. వేరే టీముల ఆట చూసి పోవడానికని పేరు. కానుగమిట్ట కెప్టెన్ అజ్మల్‌కి ఆ పేరు మీద నమ్మకం లేదు. బంతి ఎటు పోయినా సుకుమారన్న గోలుపోస్టు దిక్కే చూస్తుండాడని అందరి ముందూ అన్నాడు. గోలుపోస్టు వెనక బయటికి పోయిన బంతులు అందించేది బిందు. ఆమె వినపడనట్టు తర్వాతి బంతి కోసం పరిగెత్తింది. ఆమె స్వభావమే అంత, పది చూసి ఒకటి మాట్లాడుతుంది.

ఒకరోజు అతను గోల్‌కీపర్లు మోకాళ్ళకు కట్టుకునే ప్యాడ్లు తెచ్చి ఇచ్చాడు. కొయ్యకాళ్ళు కోసేటప్పుడు కట్టుకోమన్నాడు. లంచమా అని ఆమె అడిగితే, గ్రౌండు బాగుంటే తనకే మంచిదని అన్నాడు. తమది నెల్లూరు అవతల కొడవలూరని, రైలు గేటు పక్క ఇల్లని, నాన్న వరి రైతని అప్పుడే చెప్పాడు. టౌను క్లబ్బు కెప్టెన్‌కి కొయ్యకాళ్ళ నొప్పి ఎలా తెలిసిందో ఆమెకు అర్థమైంది.

సీజన్ చివరికి వచ్చేసరికి ఒక్క మ్యాచ్ మిగిలింది. స్పోర్టింగ్, కానుగమిట్ట రెండూ సమానంగా ఉన్నాయి. గెలిచిన జట్టు పైనున్న ఏ డివిజన్‌కి పోతుంది, ఓడింది ఇక్కడే ఉంటుంది. మ్యాచ్ కానుగమిట్టలోనే.

చిక్కు తేదీలో వచ్చింది. జనం బాగా వస్తున్నారని లీగ్ వాళ్ళు పెద్ద క్లబ్బుల మ్యాచ్‌లన్నీ ఆదివారాలకే పెట్టారు. సీజన్ సాగింది. ఆఖరి ఆదివారం కంటే ముందే కాలవకు నీళ్ళొచ్చాయి. చుట్టూ అందరి మడులూ తడిసి, బురద దున్నే దమ్ముకు సిద్ధమయ్యాయి. ఓబులేసు మడి ఒక్కటే పొడిగా, తెల్ల గీతలతో మిగిలింది. మొదటి వంతు నీళ్ళు ఆయన వదులుకున్నాడు. కామాక్షమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. ఆట అయ్యేదాకా గట్టులో నీళ్ళు పారే మడవ తియ్యనని ఆయన బిందుకు మాటిచ్చాడు.

శనివారం సాయంత్రం సుకుమార్ వచ్చాడు. ఇద్దరూ కలిసి గీతలకు సున్నం పోశారు. సెంటర్ దగ్గరికి వచ్చాక బిందు ఆగింది.

“రేపు మీరు గెలిస్తే పైకి పోతారు. పైకి పోతే ఇటు రారు.”

“ఓడిపోమంటావా?”

“అట్ల ఓడితే నీ మొహం చూడను.”

అంతవరకూ మీరు అనే పిల్ల. అతను సున్నం డబ్బా కింద పెట్టాడు. తర్వాత మెల్లగా, మీవాళ్ళు గెలిస్తే నువ్వు నెల్లూరొస్తావు కదా అన్నాడు. తను గోలు వెనకుండే మనిషినని, పైన డివిజన్లో గోలు వెనక ఇనప కంచె ఉంటుందని ఆమె చెప్పింది. ఏదైనా సరే ఆట మాత్రం జరగాలి, పూర్తిగా జరగాలి, అంది. అతను తలూపాడు.

ఆదివారం పొద్దున బిందు కొడవలి తీసుకుని మడి దగ్గరికి వెళ్ళేసరికి ఈశాన్యం మూల మెరుస్తోంది.

ఒక క్షణం ఎండ అనుకుంది. తర్వాత గోలుపోస్టు నీడ నీళ్ళలో ఊగడం కనిపించింది. పల్లం వైపు గోలు, పెనాల్టీ ఏరియా, దాదాపు మధ్య గీత దాకా పాదం మునిగే నీళ్ళు. పరుగున పోయి మడవకు మట్టి వేసి మూసింది. గట్టు మీద పార ఉంది. అది ఇంటి పారే.

ఓబులేసు ఆమె వెనకే వచ్చాడు. ఆయన మొహంలో నెత్తురు లేదు. తెల్లవారుజామున మెలకువ వచ్చింది, రెండో వంతు గుర్తొచ్చింది, కాలవ చప్పుడు వినపడింది. పార భుజాన వేసుకుని వచ్చి మడవ తీసి, ఇంటికి పోయి కాఫీ తాగాడు. గ్లాసు కింద పెట్టేటప్పుడు గుర్తొచ్చింది ఆ రోజు ఏ రోజో. ఊహ తెలిసినప్పటి నుంచి వంతు రోజు చేస్తున్న పని చేతులు చేసేశాయి, తల తర్వాత లేచింది.

ఆయన ఏదో చెప్పబోయాడు. బిందు చెప్పనివ్వలేదు. కింది గట్టు ఎక్కడ తెగ్గొడితే నీళ్ళు మురుగు కాలవలోకి పోతాయో అదొక్కటే అడిగింది.

అజ్మల్, మిగతా ఆటగాళ్ళు వచ్చేలోపు సుకుమార్ మోటార్ సైకిల్ వచ్చింది. వెంటనే స్పోర్టింగ్ వ్యాను కూడా. క్లబ్బు వ్యవహారాలు చూసే కిషోర్ బాబు నెల్లూరులోనే వార్త విని ముందే బయల్దేరదీశాడు. ఆయన మడి చూసి, తమ జట్టు వేగం తగ్గించడానికి వీళ్ళు కావాలనే నీళ్ళు పెట్టారని అందరికీ వినపడేట్టు అన్నాడు. నాలుగు గంటలకు గ్రౌండు సిద్ధంగా లేకపోతే రూలు ప్రకారం పాయింట్లు తమవే, ఎవరూ వ్యాను దిగొద్దని ఆటగాళ్ళకు చెప్పాడు.

సుకుమార్ బిందు దగ్గరికి వచ్చాడు.

“మీవాళ్ళే వదిలినారా?”

ఆమె అతని వైపు చూసింది. నిన్న సాయంత్రం మాట విన్న మనిషేనా ఈ మాట అడుగుతున్నది అని చూసింది. వంగి పారతో గట్టు కొట్టడం మొదలుపెట్టింది.

“నేనే తీసినానయ్యా,” అన్నాడు ఓబులేసు. “వంతని లేచినా. చెయ్యి ఊరుకోలా.”

సుకుమార్ ఆయన్ని చూశాడు. అతని మొహం మారిపోయింది. తన చిన్నాన్న పెళ్ళి రోజు, బస్సు హారన్ కొడుతుంటే, నాన్న పట్టుపంచెతో పోయి మడవ తీసి వచ్చాడని చెప్పాడు. పెళ్ళి ఫోటోలన్నిట్లో ఆయన మోకాళ్ళదాకా బురదేనట.

“అడిగుండకూడదు,” అన్నాడు బిందుతో. “అడిగినా. తప్పు నాది. ఇంకో పార ఉందా?”

ఆమె గట్టులో ఇంకో నాలుగు వేట్లు వేసి, నీళ్ళు కదిలాక, చెరుకు రసం బండి దగ్గర ఉందని చెయ్యి చూపింది.

కిషోర్ బాబు అతన్ని కేకేసి పిలిచాడు. ఎదుటి టీము గ్రౌండు బాగుచెయ్యడం కెప్టెన్ పనా అని అడిగాడు. వ్యాను కిటికీల్లోంచి జట్టంతా చూస్తోంది.

“ఆడకుండా వచ్చిన పాయింట్లతో పైకి పోతే, పైన ఎన్నాళ్ళుంటాం సార్? మళ్ళీ దిగొస్తాం. అప్పుడు ఈ మడి గట్టు మీద ఏ మొహం పెట్టుకొని నిలబడాల?”

అంతలో వ్యాను తలుపు తెరుచుకుంది. ముందు గోల్‌కీపర్ దిగాడు, తర్వాత ఒక్కొక్కరే.

నీళ్ళు మధ్యాహ్నానికల్లా పోయాయి, బురద పోలేదు. రోడ్డు మీద రైస్ మిల్లు నుంచి ఊక తెద్దామని బిందు అంది. అజ్మల్ ట్రాక్టర్ తీశాడు. తెల్ల జెర్సీలు, పచ్చ జెర్సీలు కలిసి గంపలతో ఊక చల్లారు, తడి పీల్చాక చీపుళ్ళతో ఊడ్చారు, మళ్ళీ చల్లారు. ఆట చూడటానికి వచ్చినవాళ్ళు కూడా చెప్పులు విడిచి దిగారు. కామాక్షమ్మ మజ్జిగ బిందెతో వచ్చి, ఇట్టాంటి దమ్ము తను చూళ్ళేదని గొణుగుతూనే అందరికీ పోసింది. బిందు ఒక్కతే సున్నం డబ్బాతో వంగి, పోయిన గీతలన్నీ మళ్ళీ గీసింది. చేతులు మండుతున్నా ఆగలేదు.

నాలుగింటికి రిఫరీ మాథ్యూ సార్ వచ్చాడు. నెల్లూరులో డ్రిల్ మాస్టరు, నవ్వడం తెలియని మనిషి. పల్లం మూలకు నడిచి, బంతి ఛాతీ ఎత్తులో పట్టుకుని వదిలాడు. బంతి నేలను తాకి, బద్ధకంగా, మోకాలి ఎత్తుకు లేచింది. ఆయన ఇంకో రెండు చోట్ల వదిలి చూశాడు. తర్వాత విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

అంత బురద ఆట ఆ ఏడాది ఏ డివిజన్లోనూ జరగలేదు. మొదటి గోలు అజ్మల్ కొట్టాడు. స్పోర్టింగ్ సమం చేసింది. ఆట ముగుస్తుందనగా సుకుమార్ పల్లం మూల నుంచి బంతి తీసుకుని మడి పొడవునా పరిగెత్తి ఇద్దర్ని దాటి కొట్టాడు. బంతి కీపర్ చెయ్యి దాటి వలలో పడింది. వల వెనక నిలబడి ఉన్న బిందు జడ మీద బురద చిందింది. అతను చేతులు పైకెత్తలేదు. ఒకసారి ఆమె వైపు చూశాడు. ఆమె బంతి తీసి సెంటర్‌కి విసిరింది. ఇంకా ఆట ఉంది, ఆడండి అన్నట్టు.

అదే ఆఖరి గోలు. స్పోర్టింగ్ పైకి పోయింది. రోవర్స్ ఇక్కడే ఉంది కాబట్టి వచ్చే ఏడు కూడా జనానికి కొదవ లేదని అజ్మల్ తనకు తనే చెప్పుకున్నాడు. వ్యాను హారన్ కొడుతుంటే సుకుమార్ గోలుపోస్టు దగ్గరికి వచ్చాడు.

“నిజంగానే ఆడినా,” అన్నాడు.

“చూసినా.”

“ఇంక ఇటు రావడానికి నాకు సాకు లేదు బిందూ.”

“అది నాకొదిలెయ్,” అంది ఆమె. “నువ్వు ఇంట్లో ఉండు, చాలు.”

మరునాడు పొద్దున ఓబులేసు అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. దమ్ముకు ట్రాక్టర్ మాట్లాడి ఉంది. కామాక్షమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. బిందు ఇద్దరికీ ఎదురుగా వచ్చి నిలబడింది. మాట రాత్రంతా కూర్చుకున్నదే.

“నాన్నా, కొడవలూరు సుకుమార్ నాకు నచ్చినాడు. అతనికీ నేనంటే ఇష్టమే. ఇంక ఆటకని ఇటు రాడు. మనమే పోయి అడగాల.”

కామాక్షమ్మ చేట కింద పెట్టింది. ఎవరా అబ్బాయని అడిగింది. నిన్న ఆఖరి గోలు కొట్టినవాడని బిందు చెప్పింది.

“మన మీదా?”

“మన మీదే.”

తల్లి మొగుడి వైపు తిరిగింది. ఏందయ్యా ఈ పిల్ల, ఓడగొట్టినోణ్ణి చేసుకుంటానంటుందే, నువ్వైనా చెప్పవా అంది. వాళ్ళది ఎట్టాంటి ఇల్లో, ఎంత మందో ఏమీ తెలియకుండా ఎట్టా అంది. బిందు రైలు గేటు పక్క ఇల్లని, వరి రైతులని తనకు తెలిసినంతా చెప్పింది. బతిమాలలేదు.

ఓబులేసు కాఫీ పూర్తి చేశాడు. గ్లాసు పక్కన పెట్టాడు. వీధిలో ట్రాక్టర్ వచ్చి ఆగింది, డ్రైవర్ మడికి పోదామా అని పిలిచాడు. ఆయన సాయంత్రం రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

లేచి లోపలికి వెళ్ళాడు. కాళ్ళు కడుక్కున్న చప్పుడైంది. పెట్టె మూత తెరిచిన చప్పుడైంది. బయటికి వచ్చినప్పుడు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, కండువా మడిచి భుజాన వేసుకుని ఉన్నాడు. కామాక్షమ్మ ఆ చొక్కా చూసి, చేట పక్కకి జరిపి దారిచ్చింది.

ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టి, నెల్లూరు బస్సు ఆగే వైపు నడిచాడు.