మూడో అంతస్తులో పాఠం

కాన్సస్ గోధుమ చేల మధ్య ఉన్న ఆ చిన్న క్రైస్తవ విశ్వవిద్యాలయంలో, పొద్దుగూకాక పాత రాతిభవనం మూడో అంతస్తుకి ఎవరూ వెళ్ళరు. ఎవరూ లేని గదిలో ఎవరో పాఠం చెబుతారని దానికి పేరు పడింది. సుద్దముక్క బోర్డు మీద కీచుమంటుంది... ఒక గొంతు సన్నగా వినిపిస్తుంది... మెట్ల మీద అడుగు చప్పుడైతే చాలు, ఆగిపోతుంది.

చలికాలం వచ్చేసరికి ఆ పుకారు ఇంకా ముదిరింది. సాయంత్రాలు తాళాలు వేసే లెరాయ్ కూడా రెండో అంతస్తు దగ్గరే ఆగిపోయేవాడు.

"పైన వేడి గొట్టాలు కట్టేసి ఆరు నెలలైంది మేడమ్. ఆ చలిలో బతికున్నవాడెవడూ నిలబడలేడు," అన్నాడు ఒక మంగళవారం, నయోమి ష్రాగ్‌తో.

నయోమి రాజకీయశాస్త్రం ప్రొఫెసర్. దెయ్యాల్ని నమ్మదు. కానీ మూడో అంతస్తంటే ఆమెకున్న భయం వేరు.

నిరుటి దాకా అది చరిత్ర శాఖ. ఆర్విల్ రాట్జ్‌లాఫ్ అక్కడ ముప్ఫై ఎనిమిదేళ్ళు చరిత్ర చెప్పాడు. నయోమిని ఉద్యోగంలోకి తీసుకున్నదీ ఆయనే. "మీ రాజకీయశాస్త్రం అంటే ఏముందమ్మా, ఇంకా చల్లారని చరిత్రేగా," అని కాఫీ దగ్గర రోజూ ఏడిపించేవాడు.

తర్వాత కాలేజీలో చేరే పిల్లలు తగ్గిపోయారు. రెండు శాఖల్లో ఒక్కటే మిగులుతుందన్నారు పైవాళ్ళు. ఏది ఉంచాలో తేల్చమని వేసిన కమిటీలో నయోమి ఉంది. ఆమె తన శాఖకే ఓటేసింది. కాగితం మీద సంతకం పెట్టింది.

ఆ రోజు నుంచి ఆయనకి ఫోన్ చెయ్యలేదు. చర్చిలో కూడా ఆయన వెనక్కి తిరిగినా కనపడనంత దూరంలో కూర్చునేది.

ఆ మంగళవారం లెరాయ్ వెళ్ళిపోయాక, కింద తన గదిలో దీపం ఆర్పి బయటికొస్తుంటే ఆమెకీ వినిపించింది. ముందు సుద్దముక్క... ఆ తర్వాత గొంతు.

ఆ గొంతు ఆమెకి తెలుసు.

ఆర్విల్ పోయాడా? ఎవరూ నాతో చెప్పలేదా?

బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, మేజోళ్ళతోనే మెట్లెక్కింది. ఒక్కో మెట్టూ మంచుగడ్డలా ఉంది. వరండా చివర తలుపు కింద సన్నటి వెలుతురు. గొంతు ఆగలేదు — "...మన ముత్తాతలు రష్యా నుంచి గోధుమ గింజల్ని ట్రంకుపెట్టెల్లో మోసుకొచ్చారంటారు. ఎవరు ఏరారు వాటిని? ఆడపిల్లలు. వాళ్ళ పేర్లు ఎక్కడా రాయలేదు..."

తలుపు తోసింది.

ఓవర్‌కోటు, ఉన్ని టోపీ, నోట్లోంచి పొగలా ఊపిరి. ఎదురుగా ఇరవై ఖాళీ కుర్చీలు. బోర్డు దగ్గర ఆర్విల్ — ప్రాణంతో ఉన్న ఆర్విల్.

"ఆలస్యంగా వచ్చావు," అన్నాడు.

"మీరు... ఇక్కడేం చేస్తున్నారు?"

"పాఠం చెబుతున్నాను."

"ఎవరికి?"

ఆయన సుద్దముక్క పక్కన పెట్టాడు. కాసేపు చేతులు రుద్దుకున్నాడు.

"వెర్నాకి మతిమరుపు వచ్చిందని విన్నావుగా. అన్నీ పోయాయి. కానీ రాత్రి భోజనం దగ్గర ఒకటి మాత్రం అడుగుతుంది — ఇవాళ పిల్లలకి ఏం చెప్పావు? అని. నా శాఖ మూసేశారని చెప్పాను. ఏడ్చింది. తెల్లారేసరికి మర్చిపోయింది. రాత్రికి మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ కొత్తగా ఏడ్చింది. ఆరు రాత్రులు చెప్పాను, నయోమి."

"ఏదో ఒకటి చెప్పెయ్యకపోయారా..."

"నలభై ఆరేళ్ళ కాపురంలో దానికి ఒక్క అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు ఎలాగూ గుర్తుండదు కదా అని మొదలెట్టమంటావా?"

నయోమి బూట్లు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"పక్కింటావిడ ఒక గంట దాని దగ్గర కూర్చుంటుంది. పాత తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది. వచ్చి చెప్పి వెళ్తాను. అప్పుడు, పాఠం చెప్పానని దానికి నిజంగానే చెప్పొచ్చు."

"ఆ కాగితం మీద..." అంది నయోమి.

"నీ సంతకం చూశాను. అక్షరాలు వంకర పోయాయి." ముందు వరసలో ఒక కుర్చీ లాగాడు. "బూట్లు తొడుక్కో. కూర్చో."

అప్పటి నుంచి మంగళవారం, గురువారం ఆమె నోటుపుస్తకం పట్టుకుని పైకెళ్ళేది. ఎవరికీ చెప్పలేదు. లెరాయ్‌కి కూడా.

జనవరిలో వెర్నా నిద్రలోనే పోయింది. మంచులోనే సమాధి చేశారు. చర్చి కింద గదిలో అందరూ రొట్టె, చల్లటి మాంసం తిన్నారు. ఆర్విల్ ఏమీ తినలేదు. వాళ్ళకి పిల్లల్లేరు, చుట్టాలు మర్నాడే వెళ్ళిపోయారు.

ఆ తర్వాతి మంగళవారం... ఐదున్నరకి... పైన సుద్దముక్క వినిపించింది.

నయోమి వెళ్ళి కూర్చుంది. ఆయన ఎప్పటిలాగే గంటసేపు చెప్పాడు. బోర్డు తుడిచాడు. బయట రోడ్లన్నీ మంచు గట్టిపడి ఉంటే, కారులో దింపుతానంది ఆమె.

"ఇంకెందుకండీ ఇలా?" దారిలో మెల్లిగా అడిగింది. "ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు కదా..."

ఆయన కిటికీ అద్దం మీద పట్టిన ఆవిరి చేత్తో తుడిచాడు.

ఇల్లొచ్చింది. వంటింట్లో దీపం వెలుగుతోంది.

"పక్కింటావిడ వచ్చిందా?"

"లేదు," అన్నాడు ఆర్విల్. దిగి, మంచులో జాగ్రత్తగా అడుగులేస్తూ వెళ్ళి, తలుపు తీశాడు.

వెళ్ళొస్తానని చెప్పడానికి నయోమి కారు అద్దం దించింది.

లోపల్నుంచి ఒక ఆడగొంతు. జబ్బు చెయ్యకముందు, పదేళ్ళ కింద ఎలా ఉండేదో అలా... తేటగా.

"ఇవాళ పిల్లలకి ఏం చెప్పావు, ఆర్విల్?"

ఆయన టోపీ తీశాడు. గడప మీదే నిలబడి, మామూలుగా జవాబు చెప్పడం మొదలెట్టాడు. కరువు సంవత్సరాల గురించి చెప్పానన్నాడు. నయోమి వచ్చిందనీ, రెండు ప్రశ్నలు కూడా అడిగిందనీ అన్నాడు.



"మరి ఆ పిల్లని చలిలో కూర్చోబెట్టావేం?" అంది ఆ గొంతు. "లోపలికి రమ్మను."

ఆర్విల్ వెనక్కి తిరిగి కారు వైపు చూశాడు.

నయోమి చెయ్యి కారు తలుపు మీద ఉంది... చాలాసేపు అలాగే ఉంది.