తువ్వాలు ఎవరి భుజం మీద?

సేవ చేయడానికి వెళ్ళిన మొదటి రోజే నా చేతికి బకెట్ ఇచ్చిన అమ్మాయిని నేను ప్రేమించాను. ఇచ్చిన వెంటనే కాదు. ఆ వెంటనే నాకు వచ్చింది కోపం.

నా పేరు ప్రణవ్. హైదరాబాదు వాణ్ణి. కలకత్తా భవానీపూర్‌లో బ్యాంకు ఉద్యోగం. అక్కడ ఆదివారాలు ఎలా గడపాలో తెలియక ఒక తెలుగు సేవాబృందంలో చేరాను. శివార్లలోని బడ్జ్ బడ్జ్‌లో జూట్ మిల్లు కూలీలు ఉండే వరస ఇళ్ళున్నాయి, వాటిని లైన్లంటారు. తాతల కాలంలో శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో బెంగాలీ చదువుతారు. రెండింటి మధ్యా నలిగి, చదువు మానేసి, మిల్లు గేటు దగ్గర పనికి నిలబడతారు. వాళ్ళకి ఆదివారం పాఠాలు చెప్పడం నా పని. 'మార్పు మనతోనే మొదలు' అని వాట్సాప్ స్టేటస్ పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, టాలీగంజ్‌లో లోకల్ రైలు ఎక్కాను.

పది గంటలకి క్లబ్బు గదిలో నేనూ, నల్లబల్లా, నేను కట్టిన ప్రారంభోత్సవం బేనరూ తప్ప ఎవరూ లేరు. బయటికొచ్చి చూస్తే లైనంతా కుళాయి దగ్గరుంది.

"పిల్లలూ! తరగతికి వేళయింది. అందరూ విచ్చేయండి!" అని కేకేశాను.

ఒకమ్మాయి వెనక్కి తిరిగింది. చున్నీ నడుముకి బిగించి ఉంది. రెండు చేతుల్లో రెండు బకెట్లు.

"విచ్చేయండా? ఏటి దాదా, పెళ్ళికి పిలుస్తన్నారా?"

"చూడండి, ఇది పిల్లల భవిష్యత్తుకి సంబంధించిన విషయం."

"ఇది నీళ్ళకి సంబంధించింది. పదికి వస్తాయి, కాసేపటికే పోతాయి. భవిష్యత్తుని కూడా లైన్లో నిలబడమనండి." అంటూ ఒక బకెట్ నా చేతికిచ్చింది. "ఈ లోపల ఇది పట్టుకోండి."

సగం నీళ్ళు ఆమె ఇంటికి చేరాయి. మిగతా సగం నా ఇస్త్రీ చొక్కాకి చేరాయి. పిల్లలు వెనకాలే నడుస్తూ "విచ్చేయండి, విచ్చేయండి" అని పాడారు. ఆ రోజు నేను వాళ్ళకి నేర్పింది ఆ ఒక్క మాటే.

ఆమె పేరు లలితకుమారి. పగలు ఒక నర్సింగ్ హోములో ఉద్యోగం, సాయంత్రం ఈ పిల్లలకి ఆ గదిలోనే చదువు. అది మూడేళ్ళుగా నడుస్తోందట. నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

"మీరేమో బేనరు కట్టి ప్రారంభోత్సవం అంటన్నారు. నడుస్తున్నదాన్ని మళ్ళీ ప్రారంభించడం ఎలాగో నాకు బోధపడట్లేదు," అంది.

బేనరు విప్పేశాను. దాన్ని వాళ్ళ అమ్మమ్మ అప్పమ్మ వంటింటి పైకప్పు కారే చోట కప్పింది. మా బృందం చేసిన మొదటి పనికొచ్చే పని అదే.

తర్వాతి ఆదివారం నుంచి క్లాసు సాయంత్రానికి మారింది. నేను లెక్కలు, ఆమె మిగతావన్నీ. ఆమె పద్ధతి వింతగా ఉండేది. ముందు లెక్కని తెలుగులో కథలా చెప్పించేది, అర్థమయ్యాక బెంగాలీలో రాయించేది. కథ చెప్పడం నా వల్ల అయ్యేది కాదు. రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తున్నాయని నేను మొదలుపెడితే, "గుద్దుకుంటాయా దాదా?" అని పిల్లలు కళ్ళు పెద్దవి చేసేవాళ్ళు. లెక్క అక్కడే ఆగిపోయేది.

వానలు మొదలయ్యాయి. క్లాసు అయ్యాక ఆమె నన్ను స్టేషన్ దాకా దిగబెట్టేది. నాకు దారి తెలియక కాదు. ఒకసారి దారి తప్పి మిల్లు కాలవలో దిగాను కాబట్టి.

"ఈ గొడుగు మీ బ్యాంకు వాళ్ళిచ్చారా?"

"ఫ్రీగా ఇచ్చారు."

"తెలుస్తున్నాది. బ్యాంకు పేరు పట్టేంతే ఉన్నాది."

ఆ చిన్న గొడుగు కింద ఇద్దరం సగం సగం తడిసేవాళ్ళం. ఆమె నవ్వినప్పుడు నా వైపు చూసేది కాదు, వాన వైపు చూసేది. నేను మాత్రం వాననెప్పుడూ చూడలేదు. అందుకే ప్రతి గుంటలోనూ కాలేశాను.

ఆ వానల్లోనే వాళ్ళన్నయ్య హరీష్‌కి డెంగీ వచ్చింది. మిల్లులో మగ్గం మీద పని చేస్తాడు, మంచివాడు. తల్లీతండ్రీ లేని ఆ ఇద్దర్నీ అమ్మమ్మా, మేనమామ నరసయ్యా పెంచారు. నేను శని, ఆదివారాలు ఆస్పత్రిలో హరీష్ మంచం పక్కనే కూర్చున్నాను. లైనంతా నన్ను దేవుడంది. నిజం చెప్పాలంటే లలిత కూడా అక్కడే ఉంటుందని కూర్చున్నాను. దేవుళ్ళలో కూడా ఇలాంటివాళ్ళు ఉండే ఉంటారు.

కోలుకున్నాక హరీష్ సిగ్గుపడుతూ వచ్చాడు.

"దాదా, అమ్మోరి పండక్కి మనం నేస్తం కట్టుకుందామా?"

"దానికి అడగాలా? ఇప్పుడే కట్టుకుందాం!"

ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్ రిక్వెస్టు ఒప్పుకున్నంత తేలిగ్గా ఒప్పేసుకున్నాను. అన్న ఫ్రెండైతే చెల్లెలికి నా సంగతి చెప్పుకోవడం సులువు కదా అని నా తెలివి. పండగ రోజే చెప్పేయాలని కూడా నిశ్చయించుకున్నాను. ఆ సాయంత్రం గొడుగు కింద ఈ వార్త లలితకి గొప్పగా చెప్పాను.

ఆమె నడక ఆగింది.

"మీరు ఒప్పుకున్నారా?"

"ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను."

"మంచిదే," అంది. గొడుగు లోంచి బయటికి నడిచి, వానలో తడుస్తూ వెళ్ళిపోయింది. ఆనందం పట్టలేక అలా వెళ్ళిందనుకున్నాను. నా బుర్ర అలాంటిది.

మరుసటి ఆదివారం "అన్నయ్యా, సుద్దముక్క ఇలా ఇవ్వండి," అంది. ఇన్నాళ్ళూ అక్కడి బెంగాలీ అలవాటులో దాదా అన్నది, ఇప్పుడు తెలుగులోకి మారింది, దగ్గరవుతోందని సంతోషించాను కూడా. స్టేషన్‌కి మాత్రం ఒక్కణ్ణే వెళ్ళాను. కాలవలో మళ్ళీ దిగాను.

పండగ వచ్చింది. లైను చివర అమ్మోరి గుడి ముందు డప్పులు మోగుతున్నాయి. అమ్మోరి పళ్ళెంలో తమలపాకులు, పసుపు, రెండు కొత్త తువ్వాళ్ళు. ఒకటి హరీష్ తీసుకున్నాడు, ఒకటి నేను తీసుకున్నాను. ఒకరి భుజాన ఒకరు వేస్తే నేస్తం కట్టినట్టే. అప్పమ్మ నా గడ్డం పుణికింది.

"ఇయ్యాల్టి నుంచి నువ్వు నా మనవడివి బాబూ. ఇక మీరు ఒకరి పేరొకరు ఎత్తకూడదు, నేస్తం అనే పిలుసుకోవాల. కష్టానికీ సుఖానికీ సొంత అన్నదమ్ములే. లలితకి రేపు పెళ్ళయితే ఇద్దరన్నలూ పక్కన నిలబడి సాగనంపాల."

"ఇద్దరన్నలెవరు?"

"ఆడూ, నువ్వూను. మరేటి, నేస్తం చెల్లి నీకు చెల్లి కాదేటి?"

డప్పులు మోగుతూనే ఉన్నాయి. నాకు మాత్రం ఏమీ వినపడలేదు.

"ఒక్క నిమిషం," అని తువ్వాలుతోనే గుడి వెనక్కి పరుగెత్తాను. లలిత అక్కడ కొబ్బరికాయలు కొడుతోంది. నన్ను చూసి ఇంకాస్త గట్టిగా కొట్టింది.

"నేస్తం కడితే మీరు నాకు చెల్లెలవుతారా?"

"మీకు తెలీదా?"

"మా హైదరాబాదులో నేస్తం అంటే ఫ్రెండు! అంతే! వరసలు మారిపోతాయని ఎవరనుకుంటారు?"

కొబ్బరికాయ కింద పెట్టింది. మొహం ఎర్రగా ఉంది.

"తెలిసే కట్టుకుంటున్నారనుకున్నాను. నేను ఆశ పడుతున్నానని కనిపెట్టేసి, మర్యాదగా కాదని చెప్పడానికి ఇదో దారి అనుకున్నాను. రోజూ రాత్రి ఏడ్చాను, తెలుసా? మీ కోసం ఏడవడం ఎంత సిగ్గుగా ఉన్నాదో!"

"నాకు మీరంటే ఇష్టం లలితా. బకెట్ నాటి నుంచీ."

"ఇప్పుడా చెప్పడం?"

"ఇవాళే చెబుదామనుకున్నాను. నేస్తం కట్టాక."

"ధూర్!" అని నెత్తి కొట్టుకుంది. కళ్ళలో నీళ్ళున్నాయి, నవ్వు కూడా ఉంది.

"వద్దని హరీష్‌కి చెప్పేస్తాను."

"అమ్మోరి పళ్ళెంలోంచి తీసిన తువ్వాలు తిరిగి పెట్టకూడదు. ఎవరో ఒకరి భుజాన వెయ్యాల్సిందే. ఊరికే వెళ్ళిపోతే అన్నయ్యకి తలవంపులు. మళ్ళీ ఈ లైన్లో మీకు మంచినీళ్ళు పుట్టవు. క్లాసు కూడా పోతుంది."

ఎవరో ఒకరు. గుడి పక్క నుంచి తొంగి చూశాను. గద్దె మీద తెల్ల మీసాలు దువ్వుకుంటూ నరసయ్య కూర్చుని ఉన్నాడు. లైనుకి పెద్ద. క్లబ్బు గది తాళం ఆయన దగ్గరే ఉంటుంది.

"లలితా, మీ మేనమామతో కడితే నేను మీకేమవుతాను?"

ఆమె వేళ్ళ మీద వరస లెక్కపెట్టింది. తర్వాత చున్నీ నోటికడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

నేను వెళ్ళి తువ్వాలు నరసయ్య భుజం మీద వేశాను.

డప్పులు ఆగిపోయాయి. నరసయ్య తువ్వాలు వంకా, నా వంకా చూశాడు. హరీష్ తన తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏటిది దాదా? నేస్తం నాను కదా!"

"నువ్వంటే నాకు ప్రాణం హరీష్. కానీ నువ్వు నేస్తమైతే లలిత నాకు చెల్లెలవుతుంది. నాకు చెల్లెలు వద్దు. లలిత కావాలి."

లైనంతా ఒక్కసారి గుడి వెనక్కి చూసింది. అప్పమ్మే ముందు నవ్వింది, పళ్ళు లేని నోటితో, కడుపు పట్టుకుని.

"ఓలమ్మో! నా కొడుకు నేస్తం నా కొడుకే. మేనమామకి పిల్లనిస్తే తప్పేటి? వరసే కదా!"

నరసయ్య నవ్వలేదు.

"నీలాటి బాబులు శానామంది వచ్చినారు. ఫొటోలు తీసినారు, ఎల్లిపోనారు. నీకు బదిలీ అయితే? ఈ పిల్లగుంటల సదువేటవుద్ది? మా పిల్లేటవుద్ది?"

గొప్ప సమాధానం చెప్పాలని ఉంది. ఉన్నదే చెప్పాను.

"బదిలీ వస్తుంది," అన్నాను. "ఎప్పుడో, ఎక్కడికో తెలీదు. లలిత ఉద్యోగం ఎక్కడుంటే అక్కడే ఇల్లు పెడతాను, నేను తిరుగుతాను. క్లాసు మొదటి నుంచీ లలితది. నేను లెక్కలు కూడా సరిగా చెప్పను. కానీ మీరు నా నేస్తం. నేస్తం ఉన్న చోటికి రాకుండా ఎలా ఉంటాను?"

"అమ్మోరి ముందర అన్నావు."

"అమ్మోరి ముందరే అన్నాను."

ఆయన హరీష్ చేతిలోని తువ్వాలు లాక్కుని నా భుజం మీద వేశాడు. "ఇక పేరెత్తకు. నేస్తం అను." డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. హరీష్ రెండు నిమిషాలు అలిగి, మూడో నిమిషంలో "బావా!" అని నన్ను ఎత్తి తిప్పాడు. డెంగీ పూర్తిగా తగ్గిందని అప్పుడే నమ్మాను.

అక్కడి నుంచే అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. అమ్మాయి ఫొటో పంపమంది. తొందరలో నా నేస్తం ఫొటో పంపాను. మీసాలు చూసి 'అమ్మాయి ఈవిడేనా?' అంది అమ్మ. తర్వాత లలిత ఫొటో చూశాక ఆవిడకి ప్రాణం కుదుటపడింది. ఆ ఊపులోనే ఒప్పేసుకుంది.

సాయంత్రం వాన మొదలైంది. స్టేషన్‌కి మళ్ళీ ఒకే గొడుగు కింద నడిచాం. దూరంగా లోకల్ కూత వినపడింది. నేను ఆమెనే చూస్తూ నడుస్తున్నాను. కాలవ సరిగ్గా ముందుంది.

లలిత నా చెయ్యి పట్టి గట్టిగా ఇవతలికి లాగింది.

"కింద చూసి నడు, మావా!"