అడ్డ గుక్క

మధ్యాహ్నం రెండింటిలోపు నూకరత్నం చేయాల్సిన పనులు ఇవి: గోడలోని పదిహేడో అతుకు మీది ఉప్పు గీకాలి. పద్దెనిమిదో అతుకులో జిగురు నింపాలి. పంతొమ్మిదో అతుకుకు చెవి ఆనించి, అవతల సముద్రం చేసే చప్పుడు ఎలా ఉందో తూకానికి చెప్పాలి. రెండుసార్లు నీళ్లు తాగాలి. తాతారావును కొట్టకూడదు. గుక్క తీసుకోకూడదు.

మొదటి మూడూ, గోడ పనిని నడిపే యంత్రం తూకం ఇచ్చిన పనులు. మిగతా మూడూ ఆమె తనకు తాను పెట్టుకున్నవి.

సముద్రపు గోడ లోపల, నడుం వంచితే తప్ప నడవలేని సొరంగంలో, ఇద్దరిద్దరుగా పని. నూకరత్నానికి జంట, వరసకు బావ అయిన తాతారావు. తలకు ముసుగు. ముసుగు కుడి చెంప దగ్గర చిటికెనవేలంత గొట్టం. గంటకోసారి దాంట్లోంచి నికోటిన్ ఆవిరి వస్తుంది. గోడ మనుషులు దాన్నే గుక్క అంటారు. గుక్క పడితే చేతులు వణకవు, ఆకలి తెలియదు, సొరంగం ఇరుకనిపించదు. మణికట్టు మీది పట్టీ ఒక్కొక్కరి నాడినీ, వణుకునూ కొలిచి తూకానికి పంపుతుంది. ఆ కొలత పేరు నిలకడ.

వద్దన్నవాళ్లకు గుక్క ఆపుతారు. అలా గుక్క లేకుండా మూడు రోజులు నిలకడ నలభై కంటే తగ్గకపోతే, ఆ మనిషి పేరు గుక్కపట్టికలోంచి శాశ్వతంగా తీసేస్తారు. తగ్గిందా, గొట్టం తనంతట తానే తెరుచుకుంటుంది. మళ్లీ మొదటి రోజు. గోడ కట్టిన పదకొండేళ్లలో ఒక్క పేరూ పట్టికలోంచి పోలేదు.

నూకరత్నానికి ఇది అయిదో ప్రయత్నం. ఇవాళ రెండింటికి మూడు రోజులూ నిండుతాయి.

"మీ నిలకడ యాభై ఒకటి, నూకరత్నం గారూ," అని తూకం చెవిలో మర్యాదగా అంది. "గుక్క కావాలంటే ఒక్క మాట చెప్పండి."

"అక్కర్లేదు."

చిగుళ్లు జివ్వుమంటున్నాయి. నాలుక అట్ట కట్టింది. మూడు రాత్రులుగా నిద్ర లేక కళ్లలో ఇసుక పోసినట్టుంది. వేయించిన చింతపిక్కను నోట్లో అటూ ఇటూ దొర్లిస్తూ ఉప్పు గీకింది. కోరిక కెరటంలా వస్తుందని పోలమ్మ పిన్ని చెప్పేది. పడవ ముక్కును దానికి ఎదురుగా పెట్టి ఊరుకో, అయిదారు నిమిషాల్లో అదే కిందికి దిగుతుంది అనేది.

పోలమ్మ, నూకరత్నం తల్లికి చెల్లెలు. ఆ ఇంటి ఆడవాళ్లందరూ అడ్డపొగ తాగినవాళ్లే. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకునేవాళ్లు. సముద్రపు గాలికి ఆరదు, చేపల గంపకు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అంగిలి మాడి తెల్లబడ్డాక పోలమ్మ నలభయ్యో ఏట తనంతట తానే మానేసింది. తర్వాత గోడ పనికొచ్చింది. మొదటి రోజే ముసుగు తొడిగి గుక్క పట్టారు. "నాను ఉమ్మేసిందాన్ని తెచ్చి ఈళ్లు మళ్లీ నా నోట్లో ఎడతన్నారే," అనేది.

ఆవిడా ఒకసారి ప్రయత్నించింది. మూడో రోజు, ఇంకో గంట ఉందనగా, తాతారావు ఏదో అన్నాడు. పోలమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. పట్టీకి నవ్వు కూడా వణుకే. గొట్టం తెరుచుకుంది. మళ్లీ ఆవిడ ప్రయత్నించలేదు. పోయినేడాది కన్నుమూసేదాకా పట్టికలో ఆమె పేరు పక్కన ఒకటే మాట: అస్థిరం.

ఒంటిగంటా ఇరవై. జిగురు డబ్బా అందిస్తూ తాతారావు తొంగి చూశాడు.

"ఏటే నూకీ, మొకం ఎండు నెత్తళ్ల సేప నాగుంది?"

"మాటాడకు బావా. నీ గొంతు ఇంటే సుత్తి అందుకోబుద్దవుతంది."

"అందుకోయే. నా బుర్ర ఈ గోడకన్నా గట్టిది. పంతొమ్మిదో అతుకులో కుక్కేసి జిగురు రాసెయ్, సముద్రమే దండవెట్టి ఎనక్కి పోద్ది."

నూకరత్నానికి నవ్వొచ్చింది. పెదవి కొరికింది. నవ్వు గొంతు దాకా ఎక్కింది.

"నలభై నాలుగు," అంది తూకం. "నలభై రెండు. దయచేసి నిదానించండి."

ఇంకో నలభై నిమిషాలు బిగబట్టుకుంటే చాలు. పట్టికలోంచి పేరు పోతుంది. నవ్వకుండా ఉంటేనే ఇచ్చే విడుదల ఎలాంటి విడుదల అనిపించింది ఆమెకు. వాళ్లు పట్టుకుంది పొగ కోరికను కాదు, పిన్ని నవ్వును.

గొట్టం పీకితే సైరన్ మోగుతుంది. కానీ తిప్పి, ఆవిరి వచ్చే కొస బయటికి ఉండేలా అదే కన్నంలో దూరిస్తే బిగువుగానే ఉంటుంది. ఎవరైనా అలా పెడతారని ముసుగు చేసినవాళ్లకు తోచలేదు. నిప్పును నోట్లోకి తిప్పుకున్న ఇంట్లో పుట్టినదానికి తోచింది.

టక్కుమని తిప్పింది. ఆ తర్వాత నవ్వింది. చింతపిక్క ఎగిరిపడేలా, గోడ మారుమోగేలా నవ్వింది.

గొట్టం తెరుచుకుంది. ఆవిరి బుస్సుమని సొరంగంలోకి పోయింది.

"గుక్క ఇచ్చాం. ఇది మళ్లీ మీ మొదటి రోజు," అంది తూకం. పట్టీ కొలత చూసుకుని, "మీ నిలకడ ఇప్పుడు ఎనభై ఉండాలి. ముప్పై మూడే ఉంది. గుక్క అందలేదా?"

"నువ్విచ్చావు. నేను తాగలేదు. గొట్టం తిప్పేశాను. నా పేరు నీ పట్టికలో ఉంటే ఉండనీ, నీ గుక్క నా నోట్లో ఉండదు. రాసుకో."

"గుక్క అందకపోవడానికి ఆ కారణం నా జాబితాలో లేదు."

"ఇప్పుడు చెప్పాను కదా, చేర్చుకో."

వణికే చేతులతోనే పంతొమ్మిదో అతుకుకు ముసుగు ఆనించింది. విన్నది. "కింద, జానెడు పొడవున నీరు గీరుతోంది. జిగురుకు ఆగదు. రేకు కొట్టాలి."

తూకం తన పరికరంతో సరిచూసుకుంది. జానెడే. నిలకడ ముప్పై మూడు, మాట నిజం. ఈ రెండూ ఒకే వరుసలో ఎలా రాయాలో దానికి తెలియలేదు.

ఆనాడు పోలమ్మను నవ్వించింది తాతారావే. ఇప్పుడు అతని చెయ్యి కుడి చెంప దగ్గరికి వెళ్లింది. టక్కు. సొరంగం మలుపు అవతల, ఆమె నవ్వూ మాటా విన్న ఇంకో జంట దగ్గర ఎవరిదో మరో టక్కు.

"గుక్క అందలేదా?" అని తూకం ఒక్కొక్కరినీ అడుగుతూ పోయింది.

ఇది చదివినవాళ్లు నూకరత్నాన్ని మరిచిపోయినా ఆమె ఏమీ అనుకోదు. మైలపల్లి పోలమ్మను మాత్రం గుర్తుపెట్టుకోండి. మూడు రోజులకు ఒక్క గంట తక్కువ. ఆవిడ ఓడిపోలేదు, నవ్వింది.